గని రాకముందే బావి లోతు కొలిచి పెట్టుకోండి

ప్రశ్న: మాది నంద్యాల జిల్లాలో కొలిమిగుండ్ల వైపు ఉన్న ఒక ఊరు. నేను పంచాయతీలో వార్డు సభ్యురాలిని. మా ఊరికి కిలోమీటరున్నర దూరంలో కొత్తగా సున్నపురాయి గని వస్తుందని, దాని మీద ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతున్నామని పంచాయతీకి నోటీసు వచ్చింది. ఇంకా ఇరవై రెండు రోజుల గడువు ఉంది. ఊళ్లో సగం మంది ఉద్యోగాలు వస్తాయి, రానీయండి అంటున్నారు. మిగతా సగం వద్దంటున్నారు. పక్క ఊళ్లో పాత గని దగ్గర ఒక రైతు బోరు ఎండిపోతే, వానలు లేక ఎండింది, మాకేం సంబంధం లేదని చెప్పి పంపించేశారు. మేం కంది, శనగ వేస్తాం, బోర్ల కింద మిరప పండిస్తాం. గొర్రెల మీద బతికే ఇళ్లు ముప్పై దాకా ఉన్నాయి. ఆ రోజు మేం ఏం అడగాలి? అడిగితే ఎవరైనా పట్టించుకుంటారా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో గని కావాలా వద్దా అన్న తగవు కన్నా ముఖ్యమైన వాక్యం ఒకటుంది. అది పక్క ఊరి రైతు బోరు గురించి మీరు రాసిన మాట. ఆ రైతు ఎందుకు ఓడిపోయాడో ఆలోచించండి. గని రాకముందు తన బోరులో ఎన్ని నీళ్లు వచ్చేవో చెప్పే కాగితం ఆయన దగ్గర లేదు. ఆయన గని వల్ల అన్నాడు, వాళ్లు కరువు వల్ల అన్నారు, మధ్యలో ఉన్న అధికారికి ఏది నిజమో తేల్చుకునే ఆధారం లేకపోయింది. ఇలాంటి తగాదాల్లో ఆధారం లేనివాడే నష్టపోతాడు. అందుకని ప్రజాభిప్రాయ సేకరణ రోజున ఏం మాట్లాడాలన్న దాని కన్నా ముందు, ఈ ఇరవై రెండు రోజుల్లో మీ ఊరు ఇప్పుడు ఎలా ఉందో కొలిచి, రాసి, సంతకాలు పెట్టించి దాచుకోవడం అవసరమని నా గట్టి అభిప్రాయం. గని రావాలనేవారికీ వద్దనేవారికీ కూడా ఇది పనికొచ్చే పనే కాబట్టి, దీని మీద ఊరు రెండుగా చీలవలసిన అవసరం లేదు.

ముందుగా గని యాజమాన్యం తయారు చేయించిన పర్యావరణ ప్రభావ అంచనా నివేదికను చేతికి తెచ్చుకోండి. 2006 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ శాఖ జారీ చేసిన నోటిఫికేషన్ ప్రకారం, ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం ముప్పై రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదికను కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో జనం చూసుకునేలా ఉంచాలి. తెలుగులో ఉన్న సారాంశం పుస్తకం కూడా ఇస్తారు. చాలా ఊళ్లలో ఆ పల్చటి సారాంశం చదివి ఊరుకుంటారు. అది చాలదు. బావుల నీటిమట్టాల పట్టికలు, గని అడ్డుకోత పటాలు (గనిని నిలువునా కోసినట్టు లోతు చూపే బొమ్మలు), గాలి కొలతలు, ఖర్చుల లెక్కలు అన్నీ పెద్ద పుస్తకంలోనే ఉంటాయి, అది ఇంగ్లీషులో ఉంటుంది. ఊళ్లో ఇంజనీరింగో డిగ్రీయో చదివిన పిల్లలు నలుగురిని కూర్చోబెట్టి, నేను కింద చెప్పబోయే నాలుగైదు చోట్లు మాత్రం వెతికించండి, మొత్తం చదవనవసరం లేదు.

నివేదిక తెరవగానే చూడవలసింది కొలతలు ఏ నెలల్లో తీశారన్నది. మామూలుగా వానాకాలం కాని ఏదో ఒక కాలంలో మూడు నెలలు కొలిచి దాన్నే ఊరి ప్రస్తుత స్థితిగా చూపిస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కొలిస్తే బావులు నిండుగా ఉంటాయి, మార్చి నుంచి మే వరకు కొలిస్తే అడుగంటి ఉంటాయి. ఏ ఒక్కటీ ఏడాది పొడుగునా ఉండే స్థితి కాదు. కేంద్ర భూగర్భ జల మండలి తన పరిశీలన బావులను ఏడాదికి నాలుగు సార్లు కొలుస్తుంది. జనవరిలో, వేసవిలో, ఆగస్టులో, నవంబరులో. మీ మండలంలోని పరిశీలన బోర్ల గత పదేళ్ల లెక్కలు రాష్ట్ర భూగర్భ జల శాఖ జిల్లా కార్యాలయంలో అడిగి తీసుకోండి. రేపు ఎవరైనా కరువు వల్ల బోరు ఎండిందని అన్నప్పుడు, ఇంతకు ముందు వచ్చిన కరువుల్లో నీరు ఎంత లోతుకు దిగిందో ఆ లెక్కలే చెబుతాయి.

నీటి విషయం దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ నేల మామూలు నేల కాదు. మీ పక్కనే బెలూం గుహలున్నాయి. 3,229 మీటర్ల పొడవున ఆ సొరంగాలు ఎలా ఏర్పడ్డాయి? వేల ఏళ్లుగా నీరు సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ పోవడం వల్ల. ఆ గుహల అట్టడుగున పాతాళగంగ అనే చోట ఒక నీటి పాయ నేలలోకి మాయమవుతుంది. అది రెండు కిలోమీటర్ల అవతల బెలూం ఊరి బావికి చేరుతుందని అక్కడివాళ్లు నమ్ముతారు. ఆ నమ్మకం సంగతి ఎలా ఉన్నా, దాని వెనకున్న ఆలోచన సరైనదే. ఇసుక నేలలోనో ఒండ్రు నేలలోనో నీరు అన్ని దిక్కులకూ ఇంచుమించు సమానంగా ఊరుతుంది. సున్నపురాతిలో అలా కాదు. పగుళ్ల వెంట, కరిగిన సందుల వెంట, ఒక పైపులో పోయినట్టు పోతుంది. మీ ఊళ్లో ఒక బోరులో మూడించుల నీళ్లు పడి, పక్క చేనిలో అదే లోతున దుమ్ము లేవడం మీరు చూసే ఉంటారు. గని తవ్వకం అలాంటి సందు ఒకదాన్ని తెగ్గొడితే, పక్కనున్న బావికి ఏమీ కాకపోవచ్చు, రెండు కిలోమీటర్ల దూరంలోని బావి ఎండిపోవచ్చు. నివేదికల్లో గని చుట్టూ వృత్తం గీసి, ఈ వృత్తం దాటాక ప్రభావం ఉండదని రాసే లెక్క మీ నేలకు అతకదు. కాబట్టి మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: సున్నపురాతిలో నీరు సందుల వెంట పోతుందన్న సంగతిని ఈ అధ్యయనంలో లెక్కలోకి తీసుకున్నారా, తీసుకుంటే ఎన్ని బోర్లలో పంపింగు పరీక్షలు చేశారు, ఆ పరీక్ష చేసినప్పుడు చుట్టుపక్కల ఏ బావుల్లో మట్టం దిగింది?

రెండో ప్రశ్న గని లోతుకు సంబంధించినది. ఇక్కడ ఒక చిక్కు ఉంది, చాలామంది దీన్ని గమనించరు. గని అడుగు ఎంత లోతుకు పోతుందో నివేదికలో సముద్ర మట్టం నుంచి లెక్కవేసి రాస్తారు. బావుల్లో నీటిమట్టాన్ని మాత్రం నేల మీది నుంచి ఇంత లోతున ఉందని రాస్తారు. రెండూ వేర్వేరు పేజీల్లో ఉంటాయి, రెండింటి కొలబద్దలూ వేరు, అందుకని గని నీటిమట్టాన్ని దాటుతుందో లేదో పైపైన చదివితే తెలియదు. ఉదాహరణకు గని ఉన్న చోట నేల సముద్ర మట్టానికి 230 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. గని అడుగు 190 మీటర్ల దగ్గర ఆగుతుందని రాశారు. బావిలో నీరు నేల నుంచి 25 మీటర్ల లోతున ఉందని ఇంకో పట్టిక చెబుతోంది. అంటే నీటిమట్టం 205 మీటర్ల దగ్గర ఉంది, గని దానికి 15 మీటర్లు కిందికి పోతుంది. ఈ అంకెలు నేను ఊహించి వేసినవి. మీ నివేదికలోని అంకెలతో ఈ కూడిక తీసివేతలు మీ పిల్లల చేత చేయించండి. గని నీటిమట్టానికి పైనే ఆగిపోయేదైతే నీటి గురించిన భయం చాలావరకు తగ్గుతుంది. కిందికి పోయేదైతే, గనిలో ఊరే నీటిని రోజూ తోడి బయట పోయవలసి వస్తుంది, దానికి వేరే అనుమతి కావాలి, ఆ తోడే నీళ్లు మీ బోర్ల నీళ్లే. అప్పుడు రోజుకు ఎన్ని ఘనపు మీటర్లు తోడతారు, ఆ నీటిని మడ్డి దిగబెట్టిన తర్వాత మీ కుంటకు, చేలకు ఇస్తారా, లేక గని దుమ్ము తడపడానికే వాడుకుంటారా అన్నది లిఖితంగా అడగాలి. నీటిమట్టం దాటే ముందు తవ్వకాన్ని ఆపి, మళ్లీ అధ్యయనం చేసి, కొత్తగా అనుమతి తీసుకున్నాకే కిందికి పోవాలన్న షరతును పెట్టమని కోరండి. అన్ని షరతుల్లోకీ ఇది విలువైనదని నేను అనుకుంటాను.

ఇక మీరు చేసుకోవలసిన కొలతలు. ఊళ్లోని ప్రతి దిగుడు బావికీ చేద బావికీ తాడుకు రాయి కట్టి, గట్టు నుంచి నీటిదాకా ఎంత ఉందో, నీటి నుంచి అడుగుదాకా ఎంత ఉందో టేపుతో కొలవండి. బోర్లలో అలా కొలవడం కష్టం కాబట్టి, మోటారు ఎన్ని పైపుల లోతున ఉందో, కేసింగు ఎంతవరకు వేశారో, ఏ సంవత్సరంలో వేయించారో రాసుకోండి. నీళ్ల మాట మనం ఇంచుల్లో చెప్పుకుంటాం, కానీ రెండించుల నీళ్లు అంటే ఎవరి లెక్క వారిది. దానికి బదులు 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, మోటారు వేసిన గంట తర్వాత ఆ డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో ఫోనులో వీడియో తీయండి. వంద సెకన్లలో నిండితే సెకనుకు రెండు లీటర్లు వస్తున్నట్టు. ఈ లెక్కను ఎవరూ కాదనలేరు. ప్రతి బావికీ సర్వే నంబరు, రైతు పేరు, తేదీ, కొలత, ఇద్దరు సాక్షుల సంతకాలు ఒక నోటుపుస్తకంలో రాయించి, గ్రామసభలో చదివి, పంచాయతీ కార్యదర్శి చేత ముద్ర వేయించండి. తాగే బావుల నీటి నమూనాలను గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపి, ఫ్లోరైడు, నైట్రేటు, కాఠిన్యత, కరిగిన లవణాలు ఎంతెంత ఉన్నాయో ఇప్పుడే రిపోర్టు తీసుకోండి. సున్నపురాతి ప్రాంతంలో నీరు సహజంగానే కఠినంగా ఉంటుంది. ఇప్పటికే ఉన్నదేదో, రేపు కొత్తగా వచ్చేదేదో విడదీసి చూపాలంటే ఈ రిపోర్టు ఉండాలి. మళ్లీ వచ్చే మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి ఇదే పని చేయాలి.

బ్లాస్టింగు గురించి మీరు రాయలేదు కానీ, కిలోమీటరున్నర దూరంలో గని అంటే అది తప్పకుండా మాట్లాడవలసిన విషయం. మీ వైపు పాత ఇళ్లు రాయీ మట్టీ కలిపి కట్టినవి, పైన నాపరాళ్లో మట్టి మిద్దెలో. సిమెంటు పిల్లర్ల ఇంటికీ వీటికీ అదురును తట్టుకునే శక్తిలో చాలా తేడా ఉంటుంది. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, గని యజమానికి చెందని ఇళ్ల దగ్గర నేల అదురు సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లకు మించకూడదని పరిమితులున్నాయి. అదురు పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నది, 8 హెర్ట్జ్‌ల కన్నా తక్కువైతే 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 వరకైతే 10, ఆపైన 15. నెమ్మదిగా ఊపే అదురు ఇళ్లను ఎక్కువ దెబ్బతీస్తుంది కాబట్టి దానికి పరిమితి తక్కువ పెట్టారు. అదురు అన్నది పేల్చిన మొత్తం పేలుడు మందు మీద కన్నా ఒకే క్షణంలో పేలే మందు మీద ఆధారపడుతుంది. రంధ్రాలన్నీ ఒకేసారి పేల్చకుండా మిల్లీసెకన్ల తేడాతో ఒకదాని తర్వాత ఒకటి పేల్చితే అదే రాయి పగులుతుంది, ఇళ్లు అదరడం మాత్రం బాగా తగ్గుతుంది. ఒక్కో ఆలస్యానికి, అంటే ఒకే క్షణంలో పేలే ఒక్కో విడతకు, గరిష్ఠంగా ఎన్ని కిలోల మందు వాడతారో చెప్పమని అడగండి, ఆ అంకెను అనుమతి షరతుల్లో చేర్చమనండి. అదురు కొలిచే యంత్రాన్ని గని ఆఫీసు దగ్గర కాదు, మీ ఊళ్లో గనికి అతి దగ్గరగా ఉన్న పాత మిద్దె దగ్గర పెట్టాలి, ప్రతి పేలుడు రీడింగునూ పంచాయతీ బోర్డు మీద రాయాలి. అసలు సున్నపురాయి గనుల్లో పేలుడే లేకుండా రాతిని పొరలు పొరలుగా చెక్కే సర్ఫేస్ మైనర్ యంత్రాలు మన దేశంలో వాడుతున్నారు. రాయి మరీ గట్టిదైతే అవి పనిచేయవు, ఆ మాట నిజమే. కానీ ఇక్కడి రాయి గట్టితనం పరీక్షించి చూశారా అని అడిగే హక్కు మీకుంది. కనీసం ఊరి వైపున్న అంచులోనైనా పేలుళ్లు లేకుండా తవ్వమని అడగవచ్చు. పేలుడు చోటు చుట్టూ 500 మీటర్ల వరకు ప్రమాద ప్రాంతంగా లెక్కిస్తారు. ఆ దూరంలో ఎవరి చేలున్నాయో, కాపరులు గొర్రెలను ఎటు తోలుకెళతారో పటం మీద గుర్తించి, పేలుడు వేళ ఏ రోజుకారోజు మారకుండా ఒకే గడియకు ఉండాలని పట్టుబట్టండి.

ఇళ్ల విషయంలోనూ ముందు కొలతే దిక్కు. ప్రతి ఇంటి గోడనూ, ఉన్న పగులు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. పగుళ్లు లేని గోడలకూ తీయండి, రేపటికి అవే ఎక్కువ అవసరం. గని మొదలయ్యే ముందు యాజమాన్యం, రెవెన్యూ, పంచాయతీ కలిసి ఇంటింటికీ తిరిగి పంచనామా రాయాలని ప్రజాభిప్రాయ సేకరణలో కోరండి. ఇందుకు ఒప్పుకోని యాజమాన్యం మంచి మాటలు ఎన్ని చెప్పినా నేనైతే నమ్మను.

దుమ్ము విషయంలో ఒక సూక్ష్మం చెప్పాలి. గాలిలోని పది మైక్రాన్ల లోపు రేణువులు ఇరవై నాలుగు గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు మించకూడదని 2009 నాటి జాతీయ ప్రమాణం చెబుతోంది. నివేదికల్లో ఈ అంకె ఒక్కటే చూపించి, అంతా పరిమితి లోపలే ఉందంటారు. ఆ ప్రమాణం మనుషుల ఊపిరితిత్తుల కోసం పెట్టింది. మీ మిరప ఆకు మీద తెల్లగా పేరుకునే దుమ్ములో ఎక్కువ భాగం అంతకన్నా పెద్ద రేణువులే, అవి ఆ యంత్రం లెక్కలోకి రావు. ఆకు మీద సున్నపు పొడి మూసుకుంటే వెలుతురు అందదు, పూత వేళ పడితే కాయ నిలవదు, గొర్రెలు ఆ గడ్డి ముట్టవు. కాబట్టి చేలల్లో ధూళి పాత్రలు పెట్టి నెలకు చదరపు మీటరుకు ఎంత దుమ్ము రాలుతోందో కొలవాలని అడగండి. గని రాకముందు కొన్ని నెలల పాటు కొలిస్తేనే తర్వాతి అంకెలకు అర్థం ఉంటుంది. దుమ్ముకు అసలు మూలం ఎక్కువగా పేలుడు కాదు, మట్టి దారిలో రోజంతా తిరిగే టిప్పర్లు. నీళ్ల ట్యాంకరు రోజుకు రెండు సార్లు తిప్పుతామనే హామీ ఎండాకాలంలో గంటలో ఆవిరైపోతుంది. గని నుంచి సిమెంటు ఫ్యాక్టరీకి మూసిన కన్వేయరు వేస్తారా, లేదంటే దారి పొడవునా స్థిరమైన స్ప్రింక్లర్లు పెడతారా, ఆ తడపడానికి నీళ్లు ఎక్కడివి అని అడగండి. మీ తాగునీటి బోరు నీళ్లతోనే మీ ఊరి దుమ్ము అణచడంలో అర్థం లేదు. టిప్పర్లు ఊళ్లోంచి, బడి ముందు నుంచి పోకుండా వేరే దారి వేయించుకోవడం గని మొదలవక ముందే జరగాలి. మొదలయ్యాక ఆ దారికి ముహూర్తం కుదరడం నేను చాలా అరుదుగా చూశాను.

ఊళ్లో సగం మంది ఎదురుచూస్తున్న ఉద్యోగాల గురించి ఒక్క మాట. యంత్రాలతో నడిచే గనిలో ఎంతమంది పనిచేస్తారో నివేదికలో అంకె ఉంటుంది. అందులో శాశ్వత ఉద్యోగాలెన్ని, కాంట్రాక్టువెన్ని, చదువు అక్కర్లేనివి ఎన్ని అని విడదీసి చదివి గ్రామసభలో వినిపించండి. ఆ అంకె విన్న తర్వాత మాట్లాడుకుంటే ఇరుపక్షాల స్వరమూ కొంత దిగుతుంది.

నేల గురించి, వంకల గురించి నివేదికలో తక్కువగానే రాస్తారు. నల్లరేగడి పై పొర తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది. గని తవ్వేటప్పుడు ఆ మట్టిని విడిగా తీసి, వేరుగా కుప్ప పోసి, మళ్లీ వాడాలని గనుల నియమాల్లో స్పష్టంగా ఉంది. కుప్ప ఎక్కడ పోస్తారో పటంలో చూపమనండి. గని మీదుగా పోయే వంక ఏదైనా ఉంటే దాన్ని ఎటు మళ్లిస్తారు, ఆ వంక నింపే కుంట ఏమవుతుంది అన్నది పెద్దలు చెప్పగలరు. నలభై ఏళ్ల కిందటి పెద్దవానకు నీళ్లు ఎటు పారాయో కంప్యూటరు పటాల కన్నా వారికే బాగా తెలుసు. వారిని తీసుకెళ్లి మైకు ముందు మాట్లాడించండి.

మీ గొర్రెల కాపరుల కోసం సుప్రీం కోర్టు ఆదేశం ఒకటి చెబుతాను. 2020 జనవరి 8న సర్వోన్నత న్యాయస్థానం, గని తవ్వకం ముగిశాక ఆ నేలలో మళ్లీ గడ్డి పెంచి, మేతకూ చెట్టూచేమకూ జీవాలకూ తగినట్టుగా నేలను తిరిగి సిద్ధం చేయాలన్న షరతును గని లీజుల్లో పెట్టాలని చెప్పింది. ఈ ఆదేశాన్ని పేరుపెట్టి ప్రస్తావించండి. అయితే సున్నపురాయి గనిలో ఒక కష్టముంది. బొగ్గు గనిలోనైతే పైనుంచి తీసిన మట్టీ రాయీ చాలా మిగులుతుంది, దానితో గోతిని కొంతవరకైనా పూడ్చవచ్చు. సున్నపురాయిలో తవ్విందంతా దాదాపుగా ఫ్యాక్టరీకే పోతుంది, పూడ్చడానికి మట్టి మిగలదు. అంటే లీజు ముగిశాక అక్కడ మిగిలేది ఒక పెద్ద గొయ్యి. దాన్ని నీటి చెరువుగా మారుస్తామని నివేదికలో ఒక్క ముక్కలో రాస్తారు. నిట్టనిలువు గోడలున్న నలభై మీటర్ల గుంత చెరువు కాదు. పశువు దిగి నీళ్లు తాగేలా ఒక పక్కన వాలు ఉంటుందా, పిల్లలు పడకుండా కంచె ఎవరు వేస్తారు, ఆ కంచె తుప్పు పడితే ఎవరు మారుస్తారు, నీళ్లు చేలకు ఎక్కించే హక్కు ఊరికి ఉంటుందా? దశలవారీ మూసివేత ప్రణాళిక లీజు పొడవునా అమలు కావాలి, అందుకు యాజమాన్యం ఆర్థిక హామీ కట్టాలి. ఆ హామీ ఎంత, మూసివేత పటం ఎలా ఉంది అన్నవి మీరు అడిగి చూడవలసిన పేజీలు. సరిహద్దు వెంట ఏడున్నర మీటర్ల వెడల్పున వదిలే పట్టీలో వేప, కానుగ, చింత లాంటి చెట్లు తవ్వకానికి ముందే నాటాలి. గని వచ్చి పదేళ్లయ్యాక నాటిన మొక్క ఆ పదేళ్ల దుమ్మును ఆపలేదు కదా.

ఇప్పుడు ఆ రోజు సంగతి. ప్రజాభిప్రాయ సేకరణ ఓటింగు కాదు. ఎంతమంది చేతులెత్తారన్నది అక్కడ లెక్కకు రాదు, అందుకే వద్దని అరిచి వెళ్లిపోయినవాళ్ల మాట గానీ, జై కొట్టినవాళ్ల మాట గానీ తర్వాతి దశలో ఎవరికీ పనికి రాదు. అక్కడ లేవనెత్తిన ప్రతి అభ్యంతరానికీ తుది నివేదికలో యాజమాన్యం జవాబు రాయాలి, ఏం చేస్తారో, ఎంత ఖర్చుతో, ఎప్పటిలోగా చేస్తారో చెప్పాలి. మీ బలమంతా అక్కడుంది. ఒక అంశాన్ని అంకెతో, సర్వే నంబరుతో, ఏ పేజీలోని ఏ పట్టిక గురించో చెప్పి అడిగితే దాన్ని దాటవేయడం కష్టం. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తక్కువ కాని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు, కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి ఉంటారు, మొత్తం వీడియో తీస్తారు. ముగిసే ముందు ఆ రోజు మాట్లాడిన వాటి సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి. చాలామంది అప్పటికి ఇళ్లకు వెళ్లిపోతారు. మీరు వెళ్లకండి, మీరడిగిన ప్రశ్న ఆ సారాంశంలో లేకపోతే అక్కడికక్కడే చేర్చమనండి. మాట్లాడిన ప్రతి విషయాన్నీ రాతపూర్వకంగా కూడా ఇచ్చి, అందినట్టు మరో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. ఆడవాళ్లు తప్పకుండా మాట్లాడాలి, నీళ్లు మోసేదీ దుమ్ము ఊడ్చేదీ వారే కాబట్టి వారు చెప్పే వివరాలు మగవాళ్లకు తోచవు.

ఎవరైనా పట్టించుకుంటారా అని అడిగారు. ఆ రోజే పట్టించుకుంటారని నేను మాట ఇవ్వలేను. కానీ పర్యావరణ అనుమతి వచ్చాక ఆ వివరాన్ని యాజమాన్యం ఏడు రోజుల్లోగా పత్రికల్లో, అందులో ఒకటి తెలుగు పత్రికలో ప్రకటించాలి, పంచాయతీకి ప్రతి ఇవ్వాలి. దాని మీద అభ్యంతరముంటే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణాది ధర్మాసనంలో ముప్పై రోజుల్లోగా అప్పీలు చేయవచ్చు. తగిన కారణం చూపితే మరో అరవై రోజుల వరకు గడువు ఇస్తారు, ఆపైన తలుపు మూసినట్టే. అనుమతి షరతులు ఎంతవరకు అమలు చేశారో యాజమాన్యం ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక పంపాలి, అది అందరికీ అందుబాటులో ఉండాలి. ఏడాదికి రెండు సార్లు ఆ నివేదికను మీ నోటుపుస్తకం పక్కన పెట్టి చదవండి. వాళ్లు రాసిన నీటిమట్టానికీ మీరు కొలిచిన దానికీ తేడా ఉంటే, దాన్ని కాలుష్య నియంత్రణ మండలికీ పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయానికీ రాయడానికి మీ దగ్గర ఆధారం ఉన్నట్టే.

ఇంకో విషయం, డబ్బు. గని ఉన్న జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ అనే నిధి ఉంటుంది, 2015లో గనుల చట్టాన్ని సవరించి దీన్ని తెచ్చారు. వేలంలో పాడుకున్న లీజులకు రాయల్టీ (తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే సొమ్ము) మీద పది శాతం, అంతకు ముందు ఇచ్చిన పాత లీజులకు ముప్పై శాతం ఈ నిధికి కట్టాలి. సిమెంటుకు వాడే సున్నపురాయికి 2014లో నిర్ణయించిన రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. ఏడాదికి పది లక్షల టన్నులు తవ్వే కొత్త గని అయితే రాయల్టీ ఎనిమిది కోట్లు, నిధికి ఎనభై లక్షలు. తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం లాంటి వాటికి ఇందులో పెద్ద వాటా ఖర్చు చేయాలి. మీ పక్క ఊరి పాత గని వల్ల ఇప్పటికే జమ అయిన సొమ్ము ఎంత, అందులో మీ మండలానికి ఖర్చు చేసింది ఎంత అని సమాచార హక్కు చట్టం కింద ఈ వారమే దరఖాస్తు పెట్టండి. జవాబుకు ముప్పై రోజుల గడువుంటుంది కాబట్టి అది ప్రజాభిప్రాయ సేకరణకు అందకపోవచ్చు, అయినా తర్వాత గ్రామసభ తీర్మానానికి పనికొస్తుంది. బోరు ఎండిన ఆ పక్క ఊరి రైతును కూడా కలవండి. ఆయన పాత కరెంటు బిల్లులు, మోటారు దింపినప్పటి రసీదులు, పంట అమ్మిన పట్టీలు ఉంటే, కొలత కాగితం లేకపోయినా వాటి నుంచి కొంత ఆధారం కూర్చవచ్చు.

ఇరవై రెండు రోజుల్లో ఇవన్నీ చేయలేమని భయపడకండి. మొదటి మూడు రోజుల్లో నివేదిక తెచ్చుకోండి. తర్వాతి వారం బావులూ బోర్లూ. గని వైపున్న వాటితో మొదలుపెట్టి ఊరి దాకా రండి. ఆ వెనక వారం ఇళ్ల ఫోటోలు, నీటి నమూనాలు. చివరి నాలుగైదు రోజులు ప్రశ్నలు కాగితం మీద పెట్టి, ఎవరు ఏది అడగాలో పంచుకోండి. నోటుపుస్తకం రెండు ప్రతులు ఉండాలి, ఒకటి పంచాయతీలో, ఒకటి మీ ఇంట్లో. బావుల కొలతకు గని కావాలనే ఇంటి నుంచి ఒకరినీ, వద్దనే ఇంటి నుంచి ఒకరినీ కలిపి పంపండి, ఇద్దరి సంతకాలూ ఒకే వరుసలో పడాలి. వేసవి కొలత అయ్యాక ఆ పుస్తకంలోని అంకెలు నాకు రాసి పంపితే, వాటిని ఎలా చదవాలో మళ్లీ వివరంగా చెబుతాను.